నిదానంగా, ఏసమ్మా

బస్సు కదిలింది. ఇంజను ముందు నిలబడి ఇనుప కడ్డీ తిప్పి తిప్పి చెమటలు కక్కిన డ్రైవరు హనుమన్న ఎట్టకేలకు ఎగిరి తన సీట్లో కూర్చున్నాడు, బస్సు ఒకసారి దగ్గి, ఊగి, ముందుకు దూకింది, నా కడుపులో నువ్వు కూడా దూకావు. వస్తున్నావు. ఈసారి నిజంగా వస్తున్నావు. తొమ్మిది నెలలూ నిండి, తల కిందికి పెట్టుకొని, బుద్ధిగా, రావలసిన దారినే వస్తున్నావు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే కాళ్ళ మీదుగా వెచ్చగా నీళ్ళు జారాయి, అత్త చూసి చేతిలో చెంబు వదిలేసింది, నాకు మాత్రం భయం కంటే ముందు నవ్వొచ్చింది. మూడుసార్లు కడుపుతో ఉన్నాను, మూడుసార్లూ నెత్తురే చూశాను, ఈ నీళ్ళ దాకా ఎన్నడూ రాలేదు. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు వెనకబడింది, రెండు పక్కలా విచ్చిన పత్తి చేలు, ఎండ ఇంకా లేతగానే ఉంది, ఆదోని ఇంకా పద్దెనిమిది మైళ్ళు. గంట పడుతుందట, మహా అయితే గంటుంబావు. పట్టుకో తల్లీ, లేదా నాయనా, ఎవరివైతే వాళ్ళవు, ఇంకొంచెం పట్టుకో.

అదిగో మళ్ళీ. నడుం వెనక ఎక్కడో చిన్నగా మొదలై, రెండు పక్కల నుంచీ చుట్టుకొచ్చి, పొట్ట ముందు ముడి వేసి బిగిస్తోంది, పీల్చు ఏసమ్మా, ముక్కుతో, నిదానంగా, ప్రభువా అని లోపలికి, నీ చేతిలో ఉన్నాను అని బయటికి, లోపలికి చిన్న మాట, బయటికి పెద్ద మాట, ఎందుకంటే ఊపిరి వదలడానికి ఎక్కువ సేపు పట్టాలి అంది డాక్టరమ్మ. ప్రభువా. నీ చేతిలో ఉన్నాను. ప్రభువా. గోనెసంచి మీద నా పక్కనే కూర్చున్న అత్త హులిగమ్మ నా మణికట్టు పట్టుకొని నాతో పాటే ఊపిరి తీస్తోంది, ఆమె పెదవులు కూడా కదులుతున్నాయి, కానీ ఆమె మాటలు వేరు, నాకు వినబడుతూనే ఉన్నాయి, "తల్లీ హులిగెమ్మా, నీ సేతిలో ఉండాది నా కోడలు" అంటోంది. యేసేపును పెళ్ళి చేసుకొని నేను ఈ ఇంటికి వచ్చేనాటికే అతను బాప్తిస్మం తీసుకున్నాడు, అత్త తీసుకోలేదు, తనకు ఎవరి పేరు పెట్టారో ఆ దేవతను వదిలిపెట్టనంది. నొప్పి దిగింది. దిగిపోతుంది, అదే విచిత్రం, కొండలా వచ్చినది కొండలా ఉండిపోదు. కళ్ళు తెరిస్తే ముందు సీట్లో కూర్చున్న పత్తి వ్యాపారి మల్లికార్జునయ్య తల తిప్పి నన్నే చూస్తున్నాడు. ఆ పొడుగాటి సీటు ఆయనది, రోజూ ఆదోని మార్కెట్టుకు పోయే పెద్దమనిషి, ఆయన పక్కన మా పేటవాళ్ళు ఎవరూ కూర్చోరు, మేము వెనక గోనెసంచుల దగ్గర నిలబడతాం. ఈరోజు ఆయన లేచాడు. తన పైపంచ మడిచి సీటు అంచున పెట్టాడు. "కూసో పెట్టవ్వా ఆయమ్మను, ఈడ కుదుపు తక్కువ" అన్నాడు అత్తతో. అలా వచ్చి కూర్చున్నాం ఇక్కడ. నడుం కింద మడతపెట్టిన పట్టంచు పంచ. నువ్వు పుట్టక ముందే నీకు మర్యాదలు.

డాక్టరమ్మకు చెప్పాలి ఈ సంగతి. ఆమె పేరు సలోమమ్మ, ఆదోని ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఉంటుంది, పొట్టిగా, తెల్ల చీరలో, ముక్కు మీద కళ్ళద్దాలు జారుతుంటే వేలితో ఎగదోసుకుంటూ. రెండేళ్ళ కింద నేను మొదటిసారి ఆమె ముందు కూర్చున్నప్పుడు నాకు ఏ రోగమో నాకే తెలియదు. గుండె ఊరికే దడదడలాడేది. తల వెనక సుత్తితో కొట్టినట్టు ఉండేది. పళ్ళు కొరికీ కొరికీ పొద్దున లేచేసరికి దవడలు నొప్పి. మూడోవాడు పోయి అప్పటికి నాలుగు నెలలు, ఏడో నెలలో పుట్టాడు, బావిలోంచి ఒక కడవ నీళ్ళు చేదేంతసేపు బతికాడు, నేను ఏడవలేదు. మూడో రోజుకే చేనుకు పోయాను. పని చేస్తే మరచిపోతాననుకున్నాను, పత్తి ఏరాను, వేరుశనక్కాయ పీకాను, మట్టి మోశాను, ఎవరు పిలిస్తే వాళ్ళకు పోయాను, ఆదివారం ప్రార్థన అయిన వెంటనే కొడవలి పట్టుకున్నాను, రాత్రయితే కళ్ళు తెరుచుకొని పైకప్పు చూస్తూ పడి ఉండేదాన్ని. డాక్టరమ్మ నా జబ్బకు రబ్బరు పట్టీ చుట్టి, ఉండ పిసికి, గాజు గొట్టంలో పాదరసం పైకి పోతుంటే చూసింది, ఆమె కనుబొమలు కూడా దానితో పాటే పైకి పోయాయి.

"నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"పండుకుంటాండా డాక్టరమ్మా. రెప్పే పడల్యా."

"ఆదివారం ఏం చేస్తావు?"

"పొద్దున మందిరానికి పోతాను, మళ్ళా సేనికి పోతాను."

ఆమె పట్టీ విప్పి మడతపెట్టింది. "దేవుడు ఆరు రోజులు పని చేసి ఏడో రోజు ఊరుకున్నాడు కదా. నువ్వు ఆయన కంటే గట్టిదానివా ఏసమ్మా?"

ఆమె ఎన్నో చెప్పింది ఆరోజు, అన్నీ మందులనుకొని విన్నాను, ఒక్కటీ మందు కాదు. మధ్యాహ్నం ఎడమ పక్కకు తిరిగి గంటసేపు పడుకోమంది, ఉప్పు తగ్గించమంది, పాలో మజ్జిగో ఏదో ఒకటి, ఆకుకూర, వారానికి రెండు గుడ్లు, సాయంత్రం నడవమంది, ఊరికే నడవమంది, నెత్తిన మోపు లేకుండా. గుండె దడ వచ్చినప్పుడు ఈ ఊపిరి ప్రార్థన నేర్పింది. ఎవరి మీదైనా కోపం దాచుకున్నావా అని కూడా అడిగింది, పాదరసానికీ కోపానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. నేను అన్నీ విని ఒక్కటే అడిగాను. "ఇయ్యన్నీ సేస్తే బిడ్డ నిలుస్తాదా డాక్టరమ్మా?" ఆమె కళ్ళద్దాలు తీసేసింది. తీసేస్తే ఆమె కళ్ళు చిన్నవిగా, అలసిపోయినట్టుగా ఉన్నాయి. "ఆ మాట నేను రాసివ్వలేనమ్మా. బిడ్డ ఆయన చేతిలో ఉంది. నీ ఒళ్ళు మాత్రం ఆయన నీ చేతిలో పెట్టాడు. ముందు దాన్ని చూసుకో. నిదానంగా, ఏసమ్మా, నిదానంగా." నాకు కోపమొచ్చింది. పద్దెనిమిది మైళ్ళు వచ్చింది ఈ మాటకా? బిడ్డ కోసమైతే ఉప్పేమిటి, అన్నమే మానేస్తాను, నలభై రోజులు ఉపవాసం ఉంటాను, కానీ నా కోసమట, ఈ ఒంటి కోసమట, మూడు ప్రాణాలను నిలుపుకోలేని ఒంటిని ఎవరైనా పడుకోబెట్టి పాలు పోస్తారా?

గుంత. అబ్బా. హనుమన్నా, చూసి తోలు నాయనా. బస్సులో అందరూ ఒక్కసారే ఎగిరి కూర్చున్నారు, వెనక ఎవరిదో కోడి గంప దొర్లి కోళ్ళు కొక్కొక్కొ అంటున్నాయి, కండక్టరు గిడ్డయ్య వాటి వెంట వంగి పరుగెత్తుతున్నాడు, నవ్వొస్తోంది, నవ్వుతుంటే మళ్ళీ నొప్పి, ఈసారి తొందరగా వచ్చింది, ప్రభువా, నీ చేతిలో, ప్రభువా. ఎవరో వెనక నుంచి "ఆయమ్మ ఏమంటాంది?" అని అడుగుతున్నారు, "ఊపిరి మంత్రమంట, పెద్ద డాక్టరమ్మ సెప్పింది" అంటోంది అత్త గర్వంగా. మంత్రం కాదత్తా. కానీ ఇప్పుడు వాదించే ఓపిక లేదు. ఇదే అత్త మొదట్లో ఎంత నవ్వింది, పండుకుంటే బిడ్డ పుడతాదా, పుల్ల ఎగదోయకుండా పొయ్యి మండుతాదా, ఉప్పు లేని కూడు గొడ్లు గూడా ముట్టవు అని. నవ్వితే పర్వాలేదు. అంతకు ముందు అన్న మాట ఉంది. మూడోవాణ్ణి పూడ్చి వచ్చిన సాయంత్రం, బావి దగ్గర, పదిమంది ఆడవాళ్ళ ముందు, "నా కొడుక్కి గొడ్డుటావును కట్టబెట్టినారు" అంది. ఆ మాట నా పక్కటెముకల కింద రాయిలా కూర్చుంది, అన్నం తింటే తగిలేది, పడుకుంటే తగిలేది. ఆమెకు నేను సంగటి వడ్డించేదాన్ని, నీళ్ళు తోడేదాన్ని, ముఖం మాత్రం చూసేదాన్ని కాదు. పదకొండు నెలలు చూడలేదు.

ఆ రాయిని కదిలించింది భీమక్క. మా పేటలో మట్టి గోడల మందిరం ఉంది, దాని ముందు వేలాడే రైలు పట్టా ముక్కను గంటగా కొట్టేది భీమక్క, డెబ్బై ఏళ్ళ ముండమోపి, పాటలన్నీ ఆమె నోట్లోనే ఉంటాయి. డాక్టరమ్మ చెప్పినవన్నీ భీమక్కకు చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. ఆమె విని, "నేను సెప్తే ఇంటివా? డాక్టరమ్మ సెప్తే ఇంటాండావు" అని గొణిగింది. తరువాత గోడకు ఆనుకొని కూర్చోబెట్టి, పోయిన వాళ్ళకు పేర్లు పెట్టినావా అని అడిగింది. పెట్టలేదు. పేరు పెట్టేంత సేపు ఎవరూ ఉండలేదు. "అయితే పెడదాం" అంది. సాయంత్రం ఎర్రగా ఉంది, పేట గొర్రెలు తిరిగొస్తున్నాయి, మేమిద్దరం అక్కడ కూర్చొని పేర్లు పెట్టాం, మొదటిది ఆడో మగో తెలియదు గనుక దానికి కృప అని, రెండోదానికి రూతమ్మ, మూడోవాడికి సమూయేలు. ఒక్కొక్క పేరు పైకి అంటూ ఏడ్చాను. ఎంతగా ఏడ్చానంటే గొర్రెలు ఆగి చూశాయి. ఏడుస్తూ దేవుణ్ణి తిట్టాను కూడా, భీమక్క నా నోరు ముయ్యలేదు, "అను తల్లీ, ఆయనకు సెవులుండాయి, అన్నీ ఇంటాడు, తియ్యని మాటలే ప్రార్థన అని ఎవురు సెప్పినారు" అంది. ఆ రాత్రి పడుకున్నాను. రెప్ప పడింది. పొద్దున సూర్యుడు ముఖం మీద కొడితే గానీ లేవలేదు, అత్త నేను చచ్చిపోయాననుకొని వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

కోపంతో పొద్దు గుంకనీయకూడదు, అది భీమక్క లెక్క, నాది అప్పటికి పదకొండు నెలల పొద్దులు గుంకిన కోపం. వారం రోజులు తిరిగాను మాట నోట్లో పెట్టుకొని. ఒక సాయంత్రం అత్త జొన్నపిండి కలుపుతుంటే ఎదురుగా కూర్చున్నాను. "అత్తా, బాయికాడ నువ్వన్న మాట నా గుండెల్లో ఇరుక్కోనుండాది. దాన్ని మోసి మోసి నాకు రోగమొచ్చినాది. ఇంగ మొయ్యలేను. దించేస్తాండా." ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. పిండిలోకే చూస్తూ అంది, "యేసేపు పుట్టకముందు నాకూ ఇద్దరు పోయినారు మ్మే. మా అత్త నన్ను ఆ మాటే అనింది. అదే మాట నా నోట్లోంచి ఎట్లొచ్చినాదో నాకే తెల్దు." ఆమె రొట్టె కొట్టింది, నేను కాల్చాను. మర్నాడు మధ్యాహ్నం నేను ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుమ్మంలో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, అత్త గొంతు వినిపించింది, "మెల్లగ మాట్లాడు! నా కోడలు పండుకోనుండాది. ఆదోని డాక్టరమ్మ ఆర్డరు!" ఆ రోజు నుంచీ నా నిద్రకు ఆమే కావలి. పత్తి చేని మేస్త్రి ఆదివారం రాకపోతే సోమవారం కూడా రావద్దన్నప్పుడు నేను వణికిపోయాను గానీ, అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి వాడి ఇంటికి పోయి ఏం మాట్లాడిందో ఏమో, బుధవారానికి వాడే పిలిపించాడు.

అదిగో కాలువ. తుంగభద్ర నీళ్ళు తెచ్చే కాలువ, ఇంకా నీళ్ళు రాలేదు, ఎర్రమట్టి గుట్టలు, గంపలు, వందమంది మనుషులు చీమల్లా, వాళ్ళలో మీ నాయన ఉన్నాడు, నెల నుంచి అక్కడే డేరాల్లో ఉంటున్నాడు, ఆదివారానికొకసారి ఇంటికి వస్తాడు. ఎక్కడున్నాడో? కళ్ళు వెతుకుతున్నాయి. యేసేపూ, ఇక్కడున్నాను, ఈ బస్సులోనే ఉన్నాను, నువ్వు గంప దించి ఒకసారి ఇటు చూడు. నేను అనుకోవడమే గానీ పైకి అన్నానో లేదో, గిడ్డయ్య మెట్టు మీద వేలాడుతూ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి కేకేశాడు, "ఓ యేసేపన్నా! నీ పెండ్లాం బస్సులో ఉండాది, నొప్పులు! ఎక్కు, ఎక్కు!" హనుమన్న బస్సు నెమ్మది చేశాడు, మట్టిగుట్ట మీద నుంచి ఒక మనిషి జారుతూ, దొర్లుతూ, లేచి పరుగెత్తుతూ వచ్చాడు, తలగుడ్డ ఊడి వెనక పడిపోయింది, బస్సులో అందరూ "రా, రా, రా" అని అరుస్తున్నారు, మల్లికార్జునయ్య కిటికీలోంచి చెయ్యి కూడా చాచాడు. ఎక్కాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి, రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. పదిమందిలో పెళ్ళాం పక్కన ఎలా కూర్చోవాలో తెలియక కడ్డీ పట్టుకొని నిలబడి, "ఏసమ్మా, ఊపిరి పీలుస్తాండావా?" అని అడిగాడు. బస్సంతా గొల్లుమంది. పిచ్చివాడా, ఊపిరి పీల్చకపోతే ఇంతసేపు ఎలా ఉంటాను? కానీ అతను అడిగింది అది కాదని నాకు తెలుసు. ఈ డేరాలకు రాకముందు ఏడాదిపాటు సాయంత్రాలు అతనే నాతో నడిచాడు, పేట నుంచి మందిరం దాకా, మందిరం నుంచి వంక గట్టు దాకా, చేతిలో ఏమీ లేకుండా ఊరికే పెళ్ళాంతో తిరుగుతాడని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే తల వంచుకొని నడిచాడు. అయిదేళ్ళ కాపురంలో మాట్లాడుకోని మాటలు ఆ నడకలోనే మాట్లాడుకున్నాం. సమూయేలును పూడ్చిన చోటు తాను వారం వారం పోయి చూసి వస్తున్నానని అప్పుడే చెప్పాడు, నాకు అంతవరకూ తెలియదు.

ఇప్పుడేంటి? ఏదో తేడాగా ఉంది. నొప్పి వచ్చి పోయింది గానీ నువ్వు కదలడం లేదు. కాలువ దగ్గర కదిలావా? గుర్తు లేదు. గుంతలో కదిలావు, కోళ్ళు పడినప్పుడు తన్నావు, ఆ తరువాత? పొట్ట మీద చెయ్యి పెట్టాను. రాయిలా ఉంది. కదులు. కొంచెం కదులు నాన్నా, ఒక్కసారి. చేతులు చల్లబడుతున్నాయి, గుండె పాతలాగా, అచ్చం పాతలాగా దడదడమంటోంది, ఊపిరి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది, మాటలు ఏవీ, లోపలికి ఏం అనాలి, బయటికి ఏం అనాలి, అన్నీ చెదిరిపోయాయి, కళ్ళ ముందు సమూయేలు నీలం పెదవులు. అత్త నా ముఖం చూసి వణకడం మొదలుపెట్టింది, ఆమె వణుకు నా మణికట్టులోకి వస్తోంది. ఎందుకు పడుకున్నాను ఇన్ని మధ్యాహ్నాలు? ఎందుకు మానేశాను ఉప్పు? అన్నీ చేశాను కదా దేవా, ఒక్కటీ తప్పలేదు కదా, అన్నీ చేసినందుకు నువ్వు నాకు... అనబోయి ఆగాను. బేరం. ఇన్నాళ్ళూ లోపల బేరమే ఆడుతున్నానా? ఆమె రాసివ్వలేనని ముందే చెప్పింది. బిడ్డ ఆయన చేతిలో, ఒళ్ళు నా చేతిలో. ఈ గడియలో నా చేతిలో ఉన్నది ఏమిటి? ఊపిరి. అదొక్కటే. బిడ్డకు ఈ నిమిషాన నేను ఇవ్వగలిగింది అదే. భయంగా ఉంది దేవా, అన్నాను పైకే, అలంకారం లేకుండా, చాలా భయంగా ఉంది, నాకు ఈ బిడ్డ కావాలి, నువ్వు ఇచ్చినా ఇవ్వకపోయినా నేను నీ దగ్గరే కూర్చొని ఏడుస్తాను, ఇంకెక్కడికి పోతాను? అత్త చెయ్యి నేనే గట్టిగా పట్టుకున్నాను. "అత్తా, వణకొద్దు. నాతో పాటు ఊపిరి తియ్యి. నీ దేవతనే పిలుసుకో, పిలుసు." ఆమె తీసింది. యేసేపు తీశాడు. వెనక గోనెసంచుల దగ్గర ఆడవాళ్ళెవరో కూడా తీస్తున్నారు, నాకు వినబడుతోంది, బస్సు మొత్తం పీల్చి వదులుతున్నట్టుగా. భుజాలు దిగాయి. దవడ విడిచింది. అప్పుడు, కుడి పక్కటెముక కింద, మడమతో, ఎద్దు తన్నినట్టు తన్నావు నువ్వు.

తన్నింది అన్నాను. తన్నింది, తన్నింది! అత్త ఏడుస్తోంది. తన్నడంతో పాటే కిందికి ఒక బరువు దిగింది, ఇది వేరే నొప్పి, ఇది బిగించే నొప్పి కాదు, తోసే నొప్పి, నన్ను అడగకుండా నా ఒళ్ళే తోస్తోంది, ఇంత బలం నాలో ఎక్కడిది? ఆదోని కొండలు కనబడుతున్నాయి, గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి, పత్తి మిల్లుల పొగగొట్టాలు. "హనుమన్నా, బస్టాండు కాదు!" అని మల్లికార్జునయ్య లేచి నిలబడ్డాడు, "సీదా ఆసుపత్రికి తోలు! మార్కెట్టు యాడికీ పోదు!" హనుమన్న వెనక్కి చూడకుండానే "ఆ దోవే పట్టినా శెట్టీ!" అన్నాడు. మలుపు తిరిగింది బస్సు, సందులో ఇరుక్కుంది, హారను, టాంగావాడి తిట్లు, మళ్ళీ హారను, తోయొద్దు ఏసమ్మా, ఇప్పుడే తోయొద్దు, కుక్కలా రొప్పు, చిన్న చిన్న ఊపిరి, డాక్టరమ్మ అదీ నేర్పింది, హా హా హా హా, యేసేపు కూడా రొప్పుతున్నాడు, నాకు నవ్వు, నొప్పి, నవ్వు. గేటు. బస్సు గేటు లోపలికే వచ్చేసింది. నన్ను ఎవరు ఎత్తారో తెలియదు, ఎర్రమట్టి చేతులు ఒక పక్క, చమురు వాసన చేతులు ఒక పక్క. తెల్ల గోడ. తెల్ల చీర. జారుతున్న కళ్ళద్దాలు.

"వచ్చావా తల్లీ. సోమవారం రమ్మంటే శనివారమే వచ్చావా." అంటూనే జబ్బకు పట్టీ చుట్టింది, ఉండ పిసికింది, నేను పాదరసం చూడలేదు, నాకు ఆ అంకెలు తెలియవు, ఆమె కనుబొమలే చూశాను. పైకి పోలేదు. అవి ఉన్నచోటే ఉన్నాయి. "బాగుంది" అంది, అంది నిజంగానే, బాగుంది అని. "ఇక తోయమ్మా. ఇప్పుడు నిదానం అక్కర్లేదు!"

తోశాను. నా జన్మలో మోసిన మోపులన్నీ కలిపి తోశాను. ఇంకొకటి అంది, ఇంకొకటి తోశాను, ఏదో చీలింది, ఏదో జారింది, బరువు దిగిపోయింది, ఒక్కసారిగా ఒళ్ళు ఖాళీ. చప్పుడు లేదు. పేగు మెడకు చుట్టుకుంది అంది నర్సుతో, చిన్నగా, నాకు వినబడకూడదని, వినబడింది. డాక్టరమ్మ వీపు కనబడుతోంది, మోచేతులు కదులుతున్నాయి, నేను లేవలేను, చూడలేను, చెయ్యగలిగింది ఏమీ లేదు, నా చేతిలో ఉన్నదంతా అయిపోయింది. ప్రభువా. మిగతా మాట రావడం లేదు. ప్రభువా. చెంపలు తడుతున్న చప్పుడు, పాదాలు రుద్దుతున్న చప్పుడు, నీళ్ళ చప్పుడు, గోడ అవతల ఎవరో నడుస్తున్న చప్పుడు, ఇన్ని చప్పుళ్ళలో ఒక్కటి లేదు. అప్పుడు పిల్లి దగ్గినట్టు ఒక చిన్న దగ్గు. ఆ తరువాత కేక. ఏం కేక అది! గోడలు అదిరే కేక, కోపంగా, బస్సు కుదుపులన్నిటికీ నన్నే తిడుతున్నట్టు, ఆపకుండా, ఊపిరి తీసి మళ్ళీ కేక.

"ఆడపిల్ల" అంది డాక్టరమ్మ. ఆమె కళ్ళద్దాలు నేల మీద పడి ఉన్నాయి, తీసుకోనే లేదు. నిన్ను తెచ్చి నా రొమ్ము మీద వేసింది. వెచ్చగా, జిగటగా, బరువుగా. ఎంత బరువు నువ్వు! ముఖమంతా నోరే. నా తల దగ్గరే నిలబడ్డ అత్త నిన్ను చూసింది, నన్ను చూసింది, కొంగు నోట్లో కుక్కుకుంది, అంతలోనే తీసేసి, తలుపు తోసుకొని వరండాలోకి పరుగెత్తింది. ఆమె గొంతు ఆదోని అంతా వినబడి ఉంటుంది. "ఆడపిల్ల! తల్లీబిడ్డా బాగుండారు! నా కోడలు బాగుండాది!" బయట బస్సు ఇంకా పోలేదు. ఒక్కరూ దిగి పోలేదు. ముందు ఒక కేక లేచింది, వెంటనే ఈలలు, కోళ్ళు, ఆ పైన హనుమన్న హారను, ఆగకుండా పొడుగ్గా, ఆసుపత్రిలో హారనేమిటని ఎవరో తిడుతుంటే ఇంకా పొడుగ్గా. నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకొని, గట్టిగా, నోరు తెరిచి నవ్వుతున్నాను, నువ్వు నా మీద ఎగిరెగిరి పడుతూ ఏడుస్తున్నావు.

"నవ్వకమ్మా ఏసమ్మా, ఆగు, మాయ ఇంకా పడలేదు!" అంటోంది డాక్టరమ్మ, ఆమె కూడా నవ్వుతూనే.

"డాక్టరమ్మా" అన్నాను, "ఆకలైతాంది. బాగా ఆకలైతాంది."